పెట్టె మీద కన్ను ఎందుకు లేదు?

గుంటూరు కొత్తపేటలో రెటీనా (కంటి లోపలి వెనక పొర) డాక్టర్ల దగ్గర మళ్లీ అదే పేచీ. అవాస్టిన్ అనే ఇంజెక్షన్ మందు పెట్టెలోని కాగితం విప్పి రోగి కొడుకు నిలదీస్తున్నాడు: "ఇందులో పేగు క్యాన్సర్ అని ఉందండీ. మా నాన్న కంట్లో ఎందుకు పొడుస్తున్నారు?"

కొత్త రక్తనాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను ఈ మందు కట్టిపడేస్తుంది. షుగర్‌తో రెటీనా ఉబ్బినవాళ్లకు ఈపాటికి ఆ సంగతి తెలుసు. గొడవంతా కాగితంలో కన్ను మాట లేకపోవడం గురించే.

దీని మూలం 2007 అక్టోబరులో ఉంది. అప్పటికి అవాస్టిన్ క్యాన్సర్‌కు అనుమతి పొంది మూడేళ్లయింది. 2005లో అమెరికాలోని మయామీ కంటి డాక్టర్ ఫిలిప్ రోసెన్‌ఫెల్డ్ కంట్లో వేసి చూశాక మిగతావాళ్లూ అందుకున్నారు. అవాస్టిన్ తయారుచేసే జెనెన్‌టెక్ కంపెనీకే 2006లో లూసెంటిస్ అనే కంటి మందుకు అనుమతి వచ్చింది. అదీ వీఈజీఎఫ్‌నే ఆపుతుంది. అప్పట్లో దాని డోసు అమెరికాలో దాదాపు 2000 డాలర్లు; అవాస్టిన్‌తో అయితే 50 సరిపోయేవి. అలాంటప్పుడు, అవాస్టిన్‌ను చిన్న సిరంజిల్లో నింపి ఇచ్చే ఫార్మసీలకు ఇక సరఫరా చేయబోమని కంపెనీ ప్రకటించింది. కంటి కోసం చేసిన మందు కాదన్నది దాని వాదన. డాక్టర్లు తిరగబడితే కాస్త దారి వదిలింది కానీ, కంటికి అనుమతి కోరుతూ దరఖాస్తు మాత్రం పెట్టలేదు. పెట్టనిదే కాగితంలోకి కన్ను ఎలా వస్తుంది?

చివరికి అమెరికా ప్రభుత్వమే డబ్బు పెట్టి రెంటినీ పోల్చింది. చూపు మెరుగవడంలో రెండూ సమానమేనని 2011లో తేలింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవాస్టిన్‌లోని బెవాసిజుమాబ్‌ను కంటి మందుగా అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ, లూసెంటిస్ అమ్మకాల కోసం కుమ్మక్కయ్యారంటూ జెనెన్‌టెక్ యజమాని రోష్‌కు, అమెరికా బయట లూసెంటిస్ అమ్మే నోవార్టిస్‌కు కలిపి 18 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేసింది.

కంట్లో వేయొద్దనేవాళ్ల భయం ఉత్తదేం కాదు. 4 మిల్లీలీటర్ల సీసాలో కంటికి కావాల్సింది 0.05 మిల్లీలీటరు, బొట్టంత. అందుకే ఒక సీసాను చాలామందికి పంచుతారు. పంచేచోట శుభ్రత తప్పితే కన్నే పోవచ్చు. 2016 జనవరిలో అహ్మదాబాద్‌లో కొందరికి కళ్లు దెబ్బతినడంతో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి కంట్లో వేయొద్దన్నారు. కంటి డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

ఆ కొడుకు అడగాల్సింది వేరే ఉంది: సీసా ఏ రోజు తెరిచారు, సిరంజిలు ఎక్కడ నింపారు, అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే ఉందా? ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్‌లో బ్యాచ్ నంబరు పక్కన ఆ వివరాలు రాసి ఉండాలి.