వీలునామాలో ‘జీవితకాలం’ షరతు: గొడవంతా నెల్లూరు కేసు దగ్గరే

తిరుపతి, చిత్తూరు వైపు డాక్యుమెంట్ రైటర్లు భార్య పేరిట రాసే వీలునామాల్లో ఒక మూస తరచూ కనిపిస్తుంది. ‘నా అనంతరం నా భార్య సదరు ఆస్తిని తన జీవితకాలం అనుభవించవలయును. దాన విక్రయాదులు చేయుటకు ఆమెకు హక్కు లేదు. ఆమె తదనంతరం నా కుమారులు సర్వహక్కులతో అనుభవించవలయును.’ తర్వాత ఆమె ఆ ఇంటిని తనను చూసుకున్న కూతురికి రాసిస్తుంది, లేదా ఆసుపత్రి ఖర్చులకు అమ్మేస్తుంది. కొడుకులు వీలునామా నకలు పట్టుకుని కోర్టుకెళ్తారు.

2024 డిసెంబర్ 9న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇలాంటి షరతులపై వచ్చిన తీర్పులు ఒకదానితో ఒకటి పొసగడం లేదంటూ విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది. దాంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది.

 ఇక్కడ కావలసింది 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ ఒక్కటే. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని అని మొదటి భాగం చెబుతుంది. వీలునామా, దానపత్రం, కోర్టు డిక్రీ వంటివి పరిమిత హక్కే ఇస్తే ఆ పరిమితి నిలుస్తుందని రెండో భాగం అంటుంది. ఏది ఎక్కడ వర్తిస్తుందన్న చిక్కును విప్పింది తులసమ్మ కేసు.

అది పక్కనున్న నెల్లూరు కేసే. 1931లో భర్త చనిపోయాక తులసమ్మ మనోవర్తి (పోషణ ఖర్చు) కోసం భర్త సవతి సోదరుడి మీద 1944లో జిల్లా మున్సిఫ్ కోర్టుకు వెళ్లింది. 1949లో రాజీ కుదిరింది. కొన్ని ఆస్తులు ఇచ్చారు, అనుభవించడమే తప్ప అమ్మకూడదన్నారు. ఆ తర్వాత ఆమె కొంత లీజుకిచ్చి, కొంత అమ్మింది. 1961లో అతను వాటిని సవాలు చేస్తూ దావా వేశాడు. ఆమె మున్సిఫ్ కోర్టులో ఓడి, జిల్లా కోర్టులో గెలిచి, హైకోర్టులో మళ్లీ ఓడింది. 1977 మార్చిలో సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. పోషణ హక్కు ఆమెకు ముందునుంచీ ఉంది, ఆ ఆస్తి దానికి బదులుగా వచ్చింది, కాబట్టి కాగితం మీద ఏ షరతు రాసినా ఆమెది సంపూర్ణ హక్కే అన్నది తీర్పు సారం.

ఆ తర్వాతి వాదనలన్నీ దీని చుట్టూ తిరిగినవే. తులసమ్మది రాజీ డిక్రీ, మాది వీలునామా, స్వార్జితాన్ని ఇష్టమైనట్టు రాసుకునే స్వేచ్ఛ మనిషికి ఉండదా అని కొడుకుల తరఫువారు అడుగుతారు. అందులో బలం లేకపోలేదు. 2006లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు ఆ స్వేచ్ఛకే విలువిచ్చి, వితంతువు గురుద్వారాకు ఇచ్చిన దానం చెల్లదంది. కానీ 2015లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వీలునామా కేసులో అదే కోర్టు, భార్య పోషణ హక్కు గురించి వీలునామాలో ప్రత్యేకంగా రాయకపోయినా ఆ హక్కు ఉన్నట్టేనని, ఆమెకు సంపూర్ణ హక్కు వస్తుందని చెప్పింది.

ఇంతకీ ఈ షరతు ఎందుకు రాస్తున్నారు? 1956కు ముందు వితంతువుకు వారసత్వంగా వచ్చే ఆస్తి మీద ఉండేది పరిమిత హక్కే, అప్పట్లో ఈ వాక్యం చట్టానికి తగ్గట్టే ఉండేది. చట్టం మారింది, నమూనా మారలేదు. సొంత కష్టంతో ఇల్లు కట్టుకున్న దంపతుల విషయంలోనూ భార్య శ్రమను లెక్కలోకి తీసుకోకుండా పాత వాక్యాన్నే దించేస్తున్నారు.

ఇక రిజిస్ట్రేషన్ అయితే తిరుగులేదన్న నమ్మకం ఉత్తదే. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించినా షరతుకు కొత్త బలమేమీ రాదు. కావలసింది రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షులు. మన జిల్లాల్లో హిందువులు రాసే వీలునామాలకు ఆ నియమం 1927 జనవరి 1 నుంచి ఉంది.

కోర్టులో అసలు ప్రశ్న వేరు. ఆస్తి పొందిన స్త్రీకి ఇచ్చినవారి మీద ముందే పోషణ హక్కు ఉందా, లేదా? భార్య విషయంలో ఉంది, కాబట్టే ఇంత తకరారు. మేనకోడలికో, సేవ చేసిన పరాయి స్త్రీకో జీవితకాలం షరతుతో రాస్తే అలాంటి హక్కు ఉండదు, షరతు రాసినట్టే నిలుస్తుంది.