పాత స్పోర్ట్స్ కారు స్టీరింగ్: అపోహలు - వాస్తవాలు

"స్టీరింగ్ వదులైపోయిందండీ, కొత్త ర్యాక్ వేసేయండి." పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే పనిలో ఈ మాట వినని నెల లేదు నాకు. అలా వచ్చిన కార్లలో చాలావాటికి ర్యాక్ మార్చే అవసరమే పడలేదు. ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కలకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ.

అపోహ: స్టీరింగ్ వదులైందంటే ర్యాక్ పోయినట్టే.

వాస్తవం: మన చేతికీ చక్రానికీ మధ్య ర్యాక్ ఒక్కటే లేదు. కాలమ్ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి వచ్చే కడ్డీ) కింద యూనివర్సల్ జాయింటో రబ్బరు కప్లింగో ఉంటుంది. ర్యాక్‌ను పట్టి ఉంచే బుష్‌లు, ర్యాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ల చివర బాల్ జాయింట్లు, చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్లు, వీల్ బేరింగులు ఉంటాయి. తలా కొంచెం అరిగితే చాలు, అన్నీ కలిసి స్టీరింగ్ అంచు దగ్గర అంగుళం వదులుగా తేలుతాయి.

ఎక్కడ అరిగిందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఇద్దరు మనుషులు చాలు. కారును జాకీ మీదికి ఎత్తకండి, చక్రాల మీద బరువు ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, రెండోవారు ఒక్కో జాయింటు మీద చేయి వేసి చూడాలి. అరిగిన చోట 'టక్' మని వేళ్లకు తగులుతుంది. కంటికి అందని కదలికను వేళ్లు పట్టేస్తాయి. కొత్త ర్యాక్ వేయించాక కూడా వదులు తగ్గలేదంటూ ఒకరు ఎంజీబీ కారు తెచ్చారు. కాలమ్ కింది యూనివర్సల్ జాయింటు మీద చేయి వేయగానే సంగతి తెలిసిపోయింది, దాని బిగింపు బోల్టు సడలి ఉంది. స్పానర్‌తో అయ్యే పనికి ఆయన ర్యాక్ ఖర్చు పెట్టారు. నాకు నిజంగా బాధ కలిగింది.

అపోహ: స్టీరింగ్ బాక్సు ఉన్న కారులో పైనున్న స్క్రూ బిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: ట్రయంఫ్ టీఆర్3, ఆస్టిన్-హీలీ 3000 వంటి కార్లలో ర్యాక్ ఉండదు, ఆ పని చేసే మూసిన పెట్టె, అంటే స్టీరింగ్ బాక్సు ఉంటుంది. వదులు సరిచేసే స్క్రూ దాని పైన ఉంటుంది. కారు ఎక్కువ కాలం నడిచేది తిన్నగానే కాబట్టి బాక్సు లోపల మధ్య భాగమే ముందు అరుగుతుంది. ఆ వదులు పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని పక్క భాగాల్లో స్టీరింగ్ పట్టేస్తుంది. మలుపు తిరిగాక దానంతట అది వెనక్కి రాదు. చక్రాలు పైకెత్తి, ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ఎక్కడా పట్టేయకుండా ఉన్నంత వరకే బిగించాలి. ఇక ఆ బాక్సులో పోయాల్సింది గేర్ ఆయిల్. గ్రీజు కూరితే అది గోడలకు అంటుకుపోయి, రాపిడి జరిగే చోటికి తిరిగి రాదు.

అపోహ: బాక్సు తీసేసి ర్యాక్ పెడితే ఏ కారైనా బాగుపడుతుంది.

వాస్తవం: స్పోర్ట్స్ కార్లలో ఎంజీ 1950లో టీడీతోనూ, ట్రయంఫ్ 1961లో టీఆర్4తోనూ ర్యాక్‌కు మారిన మాట నిజమే. కానీ తయారీదారు ర్యాక్ పొడవునూ ఎత్తునూ ఆ కారు సస్పెన్షన్‌కు తగినట్టు నిర్ణయిస్తాడు. చక్రం గుంతలో దిగి లేచేటప్పుడు సస్పెన్షన్ ఆర్మ్ ఒక వలయంలో తిరుగుతుంది, టై రాడ్ మరో వలయంలో తిరుగుతుంది. ఈ రెండూ కలవకపోతే స్టీరింగ్ కదలకుండానే చక్రం పక్కకు తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. కారు ఎత్తు తగ్గించినా ఇదే తంటా. అందుకే డాట్సన్ 240జడ్ ఎత్తు తగ్గించినవారు స్ట్రట్‌కూ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్తంభం) స్టీరింగ్ ఆర్మ్‌కూ మధ్య స్పేసర్లు వేస్తారు. ర్యాక్ ఎక్కించాక స్ప్రింగు తీసి, చక్రాన్ని చేత్తో కింది నుంచి పైదాకా కదుపుతూ టో (చక్రం ముందు వైపు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందన్న కొలత) కొలవండి. ఈ పని చేయని వర్క్‌షాపుకు మీ కారు ఇవ్వకండి.

అపోహ: రబ్బరు బుష్‌లు తీసేసి గట్టి లోహపు మౌంట్లు వేస్తేనే స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది.

వాస్తవం: చురుకుదనం పెరిగే మాట నిజం. దానితోపాటు రోడ్డు మీది ప్రతి కుదుపూ చేతుల్లోకి వస్తుంది. జాగ్వార్ ఈ-టైప్ ర్యాక్‌ను రబ్బరు మీద నిలిపింది ఆ కుదుపులను తగ్గించడానికే. రోడ్డు మీద నడిపే కారుకు కొత్త రబ్బరో, పాలీయురేథేన్ బుష్‌లో మేలు. మరీ ఖచ్చితత్వం కావాలనుకునే పాత పోర్షే 911 వారికి టర్బో టై రాడ్లు చక్కటి మార్పు. లోపలి వైపు రబ్బరు జాయింటు బదులు వాటికి బాల్ జాయింటు ఉంటుంది.

అపోహ: చిన్న స్టీరింగ్ వీల్ వేస్తే కారు తేలిగ్గా తిరుగుతుంది.

వాస్తవం: బరువవుతుంది. 16 అంగుళాల వీల్ తీసి 14 అంగుళాలది పెడితే చేతికి ఏడింట ఒక వంతు ఎక్కువ బలం కావాలి. వెడల్పు టైర్లూ వేస్తే, పార్కింగ్‌లో భుజాలు నొప్పెడతాయి.

అపోహ: గ్రీజు నిపుల్ పట్టే ప్రతి చోటా గ్రీజే కొట్టాలి.

వాస్తవం: ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ముందు చక్రాల కింది ట్రనియన్‌కు (చక్రం పక్కకు తిరిగే మర జాయింటు) ఈపీ90 గేర్ ఆయిల్ పట్టించాలి. గ్రీజు లోపల గట్టిపడి మర దాకా చేరదు, నీరు చేరుతుంది. నేను విప్పిన ఒకదానిలో ఎండిన గ్రీజు కింద మర మొదలంతా ఎర్రటి తుప్పు, దానిలో వెంట్రుకంత పగులు. అది విరిగితే నడిచే కారు చక్రం పక్కకు వాలిపోతుంది. స్పిట్‌ఫైర్ యజమానులు ముందు ఇది చూసుకోండి, కొత్త ర్యాక్ తర్వాత.

అపోహ: స్ప్లిట్ పిన్ (నట్టు సడలకుండా ఆపే చీలిక పిన్ను) రంధ్రం కలవకపోతే నట్టు కాస్త సడలిస్తే చాలు.

వాస్తవం: బాల్ జాయింటు నట్టును చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాక, రంధ్రం కలిసేదాకా ఇంకాస్త ముందుకే తిప్పండి. వెనక్కి తిప్పితే లోపలి టేపర్ (సన్నబడుతూ పోయే కడ్డీ భాగం) పట్టు వదిలి, కుదుపు కుదుపుకూ అరుగుతుంది. పిన్ కొత్తదే వేయండి, తీసిన పాతదాన్ని మళ్లీ వంచి పెట్టకండి.