నూనె పోసినా పెడలు ఎందుకు ఊడలేదు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పాత సైకిలుకు కొత్త పెడలు వేద్దామని మీరిద్దరూ ఆదివారమంతా తంటాలు పడ్డారనీ, తుప్పు పట్టి బిగుసుకుపోయిన చోట వంటనూనె ధారగా పోసి, పానా పట్టుకుని ఇద్దరూ వేలాడినా అది ఇసుమంతైనా కదలలేదనీ చదివి ముందు నవ్వుకున్నాను. ఆ తరువాత చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. "నూనె జారుతుంది కదా తాతయ్యా, మరి జారే నూనె పోసినా పెడలు ఎందుకు జారలేదు?" అని అడిగారు. ఇది చాలామంది పెద్దవాళ్లు అడగకుండా వదిలేసే ప్రశ్న. నూనె అనగానే మనకు జారుడు గుర్తుకు వస్తుంది. కానీ బిగుసుకున్న దానికి మొదట కావలసింది జారుడు కాదు, లోపలికి చొరబడటం. మీరు పోసిన నూనె జారుడులో తీసిపోయినది కాదు. అది జారవలసిన చోటికి చేరనే లేదు.

ఆ చోటు ఎలా ఉంటుందో కొంచెం ఊహించుకోండి. పెడలు కొస బోల్టులాంటిది, అది బిగిసే ఇనుప చెయ్యి నట్టులాంటిది. బోల్టు మరలకూ నట్టు మరలకూ మధ్య సన్నని సందు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోతే కొత్త నట్టు కూడా చేత్తో తిరగదు. ఆ సందు తల వెంట్రుక మందంతో పోల్చదగినంత సన్ననిది. గాలీ తడీ కలిసి అక్కడి ఇనుమును తుప్పుగా మార్చినప్పుడు, ఆ తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఉన్నదే వెంట్రుకంత సందు, అందులో ఉబ్బిన తుప్పు! రెండు పక్కల మరలనూ అది ఒత్తిపట్టుకుని, మేకు దిగగొట్టినట్టు బిగదీస్తుంది.

ఇప్పుడు ఆ సందును జనంతో కిక్కిరిసిన ఒక ఇరుకు నడవా అనుకోండి. జనమంటే తుప్పు. ఆ నడవా చివర ఉన్నవాళ్లకు ఒక మూట అందజేయాలి. మూట అంటే జారుడునిచ్చే నూనె. మీరు చేసిన పని ఏమిటంటే, భారీ శరీరం ఉన్న ఒక పెద్దమనిషి నెత్తిన ఆ మూట పెట్టి పంపించారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అదే నడవాలోకి ఒక బక్కపలచని కుర్రవాణ్ణి వదిలితే, పెద్దల మోచేతుల కిందుగా, కాళ్ల సందుల్లోంచి దూరి, మనం చూస్తుండగానే అవతలి కొసన తేలతాడు. కిరసనాయిలు అలాంటి కుర్రవాడు. అయితే ఒట్టి చేతులతో వెళ్లినవాడు అక్కడ చేసేదేముంది? అందుకని వాడి చంకకు చిన్న మూట తగిలించి పంపాలి. చొరబడే నూనెలుగా అమ్మే డబ్బాల్లో ఉన్న కిటుకు దాదాపు ఇంతే: చాలా పలుచని, త్వరగా ఆరిపోయే ద్రావకం ఒకటి కుర్రవాడు, దానిలో కరిగి ఉన్న కొద్దిపాటి నూనె మూట. కుర్రవాడు లోపలికి వెళ్లి, మూట అక్కడ దించి, తాను ఆవిరై ఇంటికి తిరిగి వచ్చేస్తాడు. మరల మీద నూనె పొర మిగిలిపోతుంది. కొన్ని డబ్బాలలో గ్రాఫైటు పొడినో మాలిబ్డినం డైసల్ఫైడునో కూడా కలుపుతారు. అంటే మూటతోపాటు, జనం కాళ్ల కింద పరచడానికి నున్నటి రేకులు కూడా ఇచ్చి పంపడమన్నమాట. నా పోలిక మరీ సాగిపోతోందని తెలుసు, కానీ వదలబుద్ధి కావడం లేదు.

కుర్రవాడికీ పెద్దమనిషికీ ఉన్న తేడా ఎంతో అంకెల్లో చెబుతాను. మామూలు వేడిమిలో కిరసనాయిలు చిక్కదనం నీటి చిక్కదనానికి ఇంచుమించు రెండింతలు, అంతే. వంటనూనెలు సాధారణంగా నీటికన్నా యాభై అరవై రెట్లు చిక్కన. పైగా వంటనూనెకు ఇంకో దుర్గుణం ఉంది: గాలి తగులుతూ నెలల తరబడి ఉంటే అది బంకగా మారుతుంది. నూనె సీసా మూత అంచున వేలు పెట్టి చూడండి, అక్కడి జిగురు మీకే తెలుస్తుంది. ఇవాళ జారుడుకని పోసినది వచ్చే ఏడాదికి జిగురై కూర్చుంటే, బిగుసుకున్న మర మరింత బిగుసుకుంటుంది. కుట్టుమిషను నూనె దీనికన్నా చాలా మేలు, బంకగా మారదు; అయితే అదీ తుప్పులోకి తొందరగా దూరేటంత పలుచన కాదు.

ఇక ఏది ఎంచుకోవాలన్న మాట. నీలం, పసుపు రంగుల డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 పేరు మీరు వినే ఉంటారు. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ, లోహం మీది నీటిని తరిమి తుప్పును ఆపే ద్రవం కోసం ప్రయత్నించి, నలభయ్యో మిశ్రమంలో గెలిచింది. పేరులోని అంకె అదే, ముందున్న రెండు అక్షరాలు నీటిని తొలగించడమనే మాటకు పొట్టి రూపం. అట్లాస్ క్షిపణి పలుచటి పైతొడుగుకు తుప్పు రాకుండా దాన్ని వాడారు. 1958 నుంచి డబ్బాల్లో అందరికీ అమ్మారు. అంటే అది పుట్టింది నీటిని తరమడానికే తప్ప బిగుసుకున్న బోల్టులు ఊడదీయడానికి కాదు. కాస్త తుప్పున్న చోట పనికివస్తుంది, మొండి తుప్పు దగ్గర నీరసపడుతుంది. అందుకే ఆ సంస్థే ఇప్పుడు చొరబడే నూనెను వేరే డబ్బాలో అమ్ముతోంది. డబ్బా కొనేటప్పుడు పేరు కాదు, అది చొరబడే నూనె అని మీద రాసి ఉందో లేదో చూడండి.

మెకానిక్కులు కొందరు ఎసిటోను అనే పలుచని ద్రావకం, ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే ట్రాన్స్‌మిషన్ నూనె, ఈ రెండూ సమపాళ్లలో కలిపి వాడతారు. అది బాగా పనిచేస్తుందని గట్టిగా నమ్ముతారు కూడా. కుర్రవాడూ మూటా అన్న లెక్కే అది. కానీ ఆ రెండిటికీ పొత్తు కుదరదు. సీసాలో కాసేపు ఉంచితే దేనికది విడిపోతుంది, ప్రతిసారీ కుదిపి వాడాలి. ఎసిటోను సున్నాకన్నా ఇరవై డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడు కూడా నిప్పు అందుకోగల ఆవిరిని ఇస్తుంది, రంగునూ ప్లాస్టిక్కునూ తినేస్తుంది. మీ చేతికి అది వద్దు. మీకు నేను చెప్పేది డబ్బాలో అమ్మే చొరబడే నూనె, అది దొరకకపోతే కిరసనాయిల్లో కొంచెం కుట్టుమిషను నూనె కలిపిన మిశ్రమం. ఏదైనా సరే పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా వాడండి. టైరు మీదా బ్రేకు మీదా పడనివ్వకండి. ఈ నూనెలకు రబ్బరు ఉబ్బి పాడవుతుంది, నూనె తగిలిన బ్రేకు పట్టదు.

నా మటుకు నాకు ఏ డబ్బా అన్నదానికన్నా ఎంతసేపు ఆగారన్నదే పెద్ద విషయం. ఇది నేను తేలిగ్గా నేర్చుకున్న పాఠం కాదు. నాకు పదకొండేళ్లప్పుడు మా అన్నయ్య సైకిలు సీటు కిందికి దించాలని ఒక మధ్యాహ్నం పట్టుబట్టాను. సీటు గొట్టాన్ని బిగించే బోల్టు ఇటుకరాయి రంగుకు తిరిగి ఉంది. సైకిళ్లు బాగుచేసే ముసలాయన ఒకాయన దాని మీద నాలుగు చుక్కల కిరసనాయిలు వేసి, సుత్తితో టకటకా నాలుగు దెబ్బలు కొట్టి, "ఇక దీని జోలికి పోకు, రేపు రా" అన్నాడు. నాలుగు చుక్కలకు ఒక రాత్రి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయన అటు తిరగగానే పానా పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి, గొట్టం కొసన నా బరువంతా వేశాను. మొదట కొంచెం మెత్తగా లొంగినట్టు అనిపించింది, వచ్చేసిందని సంబరపడ్డాను. నిజానికి అది ఊడుతున్న మెత్తదనం కాదు, ఇనుము మెలిపడుతున్న మెత్తదనం. మరుక్షణం టప్పుమని బోల్టు తల తెగి కాళ్ల దగ్గర పడింది. తెగిన ముఖం వెండిలా మెరుస్తోంది, దాని చుట్టూ మాత్రం సన్నటి తుప్పు గీత. ఆ తల చేతిలోకి తీసుకుంటే వేడిగా ఉంది. మిగిలిన ముక్కను తొలిచి తీయడానికి ముసలాయనకు ఒక పూట పట్టింది. ఒక్క మాట కూడా అనలేదు, తొలుస్తున్నంతసేపూ దీపం మాత్రం నా చేత పట్టించాడు.

ఆ సుత్తి దెబ్బలు ఎందుకో తరువాత తెలిసింది. నూనె తుప్పును కరిగించదు. అది పక్కనుంచి దూరగలదే కానీ జనాన్ని తోసివేయలేదు. అందుకని నడవా గోడలను తట్టాలి. చిన్న చిన్న దెబ్బలకు తుప్పు పొరలో పగుళ్లు పుడతాయి, ప్రతి పగులూ కుర్రవాడికి ఒక దారి. వంగేటంత గట్టిగా కొట్టకూడదు, తలుపు తట్టినట్టు చాలు. ముందు వైరు బ్రష్షుతో బయటి మట్టినీ తుప్పునూ రుద్ది తీసి, నాలుగైదు చుక్కలు వేసి, తట్టి, కొన్ని గంటలు ఆగి, మళ్లీ వేసి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు విప్పబోయే ముందు బిగించే వైపుకు ఒక్క వెంట్రుకవాసి తిప్పి, ఆ తరువాత వదులు చేసే వైపుకు తిప్పండి. కిర్రుమన్నదంటే కదిలిందన్నమాట. అక్కడ ఆగి ఇంకో చుక్క వేసి, కొంచెం ముందుకు కొంచెం వెనక్కు ఆడిస్తూ రండి. మరల్లోంచి గోధుమరంగు నూనె ఊరుతుంది. అది లోపలి తుప్పు పొడి బయటికి వస్తున్న గుర్తు.

నూనెకు లొంగనివీ ఉన్నాయి. మరకు జిగురుమందు పూసి బిగించినదాన్ని నూనె ఏమీ చేయలేదు, దానికి వేడి కావాలి. అల్యూమినియంలో ఉక్కు బిగుసుకుంటే అక్కడ పుట్టేది తెల్లటి వేరే తుప్పు, అది మరీ మొండిది. పది మిల్లీమీటర్ల ఉక్కును 200 డిగ్రీలు వేడిచేస్తే మిల్లీమీటరులో నలభయ్యో వంతు వ్యాకోచిస్తుంది. అంత చిన్న వ్యాకోచానికే ఎన్నో నట్లు లొంగిపోతాయి. కానీ నూనె పోసిన చోట మంట పెట్టడం ప్రమాదం, అది మీ పని కాదు.

ఇంత రాశాక గుర్తొచ్చింది, ఏ వైపు పెడలో మీరు రాయనే లేదు! ఎడమ పెడలు అయితే దాని మర తిరగేసి ఉంటుంది, తొక్కుతూ ఉండగా దానంతట అది ఊడిపోకుండా అలా చేస్తారు. మీరు ఆదివారమంతా దాన్ని ఊడదీయకుండా బిగిస్తూ ఉన్నారేమో! ఏ పెడలైనా సరే, పానాను నిటారుగా పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు నొక్కితే ఊడుతుంది.

మీకు ఇంకో పని చెబుతాను. పెడలు ఉన్న వైపు నేలకు ఆనేలా సైకిలును పడుకోబెట్టండి. పెడలు బిగించిన ఇనుప చెయ్యి లోపలి ముఖం ఇప్పుడు పైకి వస్తుంది. అక్కడ పెడలు మర కొస గుండ్రంగా కనబడుతుంది. వంటనూనెను గుడ్డతో తుడిచేసి, ఆ గుండ్రం చుట్టూ చొరబడే నూనె నాలుగు చుక్కలు వేసి, కళ్లు దగ్గర పెట్టి చూడండి. చుక్క కాసేపు మెరుస్తూ నిలబడి, ఎవరో లోపలినుంచి పీల్చినట్టు కుంగిపోతుంది. దాన్ని మనం నెట్టలేదు. ఆ ఇరుకు గోడలే దాన్ని లోపలికి లాగుకుంటున్నాయి, సందు ఎంత సన్నగా ఉంటే అంత గట్టిగా. ఎందుకు అని అడిగితే సగమే చెప్పగలను. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ చుక్క కుంగడం చూడటానికి నేను పని ఆపేస్తాను. రాత్రికి అలాగే వదిలేసి, పొద్దున్న కింది వైపున, పెడలు మొదట్లో వేలితో తడిమి చూడండి. వేలికి తడి తగిలేదాకా పానా ముట్టుకోకండి.

ఇట్లు,
మీ తాతయ్య