డబుల్స్ టీం కట్టడంలో మా పర్లాకిమిడి కుర్రాళ్ల అపోహలు, ఆటలోని వాస్తవాలు

పర్లాకిమిడిలో సాయంత్రమైతే ఫోన్లు పట్టుకుని పోకెమాన్ డబుల్స్ ఆడే కుర్రాళ్ల గుంపు ఒకటి ఉంది. వాళ్ల టీంలు సరిచూసి పెట్టడం నా పని. జీతం లేని పని లెండి. సగం మంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాతపట్నం నుంచి సరిహద్దు దాటి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఏ ఒడ్డు నుంచి వచ్చినా అడిగే ప్రశ్నలు అవే, పట్టుకొచ్చే అపోహలూ అవే.

ఇక్కడి లెక్కలన్నీ 2022 నవంబర్‌లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటలవి. ఆడేది వీజీసీ, అంటే అధికారిక పోటీల పద్ధతి. అంటే ఆరు పోకెమాన్లతో వచ్చి, ఎదుటివాడి ఆరింటినీ చూసి, 90 సెకన్లలో మన నాలుగింటిని ఎంచుకోవాలి. రెండేసి చొప్పున దింపాలి. అన్నీ లెవెల్ 50లోనే ఆడతాయి.

అపోహ: ఆరూ వేరువేరు టైపులైతే టీం బ్యాలెన్స్ అయిపోయినట్టే.

"ఏటన్నా, నిప్పుంది, నీరుంది, గడ్డుంది, ఇంకేటి కావాలి?" అంటాడు ప్రతివాడూ. ఆటలో టైపులు 18. ఆ చార్టు ముందు పెట్టుకుని దేనికి ఏది విరుగుడో చూసుకుంటూ ఆరింటిని ఏరుకొస్తారు. చార్టు చూడటం తప్పని నేననను. కానీ మ్యాచ్‌లో దిగేవి నాలుగే, ఒకసారికి ఎదురుగా నిలబడేవి రెండే. నీటికి విరుగుడని తెచ్చుకున్నది ఆ రోజు ఎంపికలోనే లేకపోతే అది ఉన్నా లేనట్టే. కబడ్డీలో ఏడుగురూ రైడర్లే అయితే పట్టుకునేదెవరు? ఇదీ అంతే.

నేను టైపులు ఆఖర్న చూస్తాను. ముందు చూసేవి వేరు. మొదటి టర్న్‌లో ఎదుటివాడి పనిని ఆపగలిగేది ఏది? స్పీడ్‌ను మన వైపు తిప్పేది ఏది? గట్టిగా కొట్టేది ఏది, దానికి అడ్డంగా నిలబడేది ఏది? చిక్కులో పడితే తప్పించుకునే దారి ఏది? ఈ పనులన్నీ ఆరింటికీ పంచి ఉంటే చాలదు. ఏ నాలుగింటిని తీసినా వాటిలో చాలావరకు జరగాలి.

ఒక్క టర్న్ దగ్గరగా చూద్దాం. మన ఆరు: ఇన్సినరోర్, రిల్లాబూమ్, ఫ్లట్టర్ మేన్, నీటి ఉర్షిఫు, అమూంగస్, టోర్నాడస్. ఎదుటివాడు ఇండీడీ, హాటరీన్ దింపాడు. వెనక టోర్కోల్ ఉంది. వాడి ఉద్దేశం దాచుకునేదేం కాదు. ఇండీడీ ఫాలో మీ వేసి దెబ్బలన్నీ తన మీదికి లాక్కుంటుంది, హాటరీన్ నెమ్మదైనవే ముందు కదిలేలా చేసే ట్రిక్ రూమ్ వేస్తుంది. ఆ తర్వాత టోర్కోల్ వచ్చి ఎండలో ఎరప్షన్ అనే నిప్పు మూవ్‌తో మనల్ని కాల్చేస్తుంది.

మనం ఇన్సినరోర్, టోర్నాడస్‌తో మొదలుపెట్టాం. ఇన్సినరోర్ ఫేక్ అవుట్ (తగిలినదాన్ని ఆ టర్న్‌కు కదలనివ్వని దెబ్బ) వేస్తే హాటరీన్ ఆగిపోవాలి. కానీ ఆగదు. ఇండీడీ రాగానే సైకిక్ టెర్రైన్ పరుచుకుంటుంది, నేల మీద ఉన్నవాటికి ప్రయారిటీ మూవ్‌లు, అంటే స్పీడ్‌తో పని లేకుండా ముందే పడే ఫేక్ అవుట్ లాంటివి, తగలవు. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. దారి ఒకటుంది. టోర్నాడస్‌ను వెనక్కి పిలిచి రిల్లాబూమ్‌ను దింపాలి. మూవ్‌ల కన్నా ముందే స్విచ్ జరుగుతుంది. రిల్లాబూమ్ రాగానే గ్రాసీ టెర్రైన్ పడి సైకిక్ టెర్రైన్ పోతుంది. అదే టర్న్‌లో ఇన్సినరోర్ ఫేక్ అవుట్ హాటరీన్‌కు తగులుతుంది. ఫాలో మీ సంగతి ఏమిటంటారా? దాని ప్రయారిటీ 2, ఫేక్ అవుట్‌ది 3. ఇండీడీ చెయ్యి ఎత్తేలోపే దెబ్బ పడిపోతుంది. ట్రిక్ రూమ్ ఆ టర్న్‌కు పడదు.

ఎదుటివాడు గట్టివాడైతే హాటరీన్‌ను టెరాతో (పోకెమాన్ టైపును మార్చే శక్తి) గోస్ట్ టైపుగా మార్చేస్తాడు. గోస్ట్‌కు ఫేక్ అవుట్ తగలదు. మార్చనివ్వండి. టెరా మ్యాచ్‌కు ఒక్కసారే, అది మొదటి టర్న్‌లోనే ఖర్చయిపోయింది. టోర్కోల్‌కు ఇక మిగల్లేదు.

ఇందులో టైపు చార్టు చేసిన పని ఎంత? రిల్లాబూమ్ గడ్డి టైపు, టోర్కోల్ నిప్పు. చార్టు చూసేవాడు ఈ మ్యాచ్‌కు రిల్లాబూమ్‌ను ఇంట్లో కూర్చోబెట్టేవాడే.

అలాగే అమూంగస్‌ను చూడండి. నెమ్మదిగా ఉంటుంది, ట్రిక్ రూమ్‌కు ఇదే మందని తెస్తారు. వీలైనంత తగ్గించి పెట్టిన అమూంగస్ స్పీడ్ 31. అలాగే తగ్గించిన టోర్కోల్‌ది 22. ట్రిక్ రూమ్‌లో తక్కువ స్పీడ్‌దే ముందు పని, కాబట్టి టోర్కోలే ముందు కొడుతుంది. పోనీ ఫాలో మీ లాంటిదే అయిన రేజ్ పౌడర్ వేస్తే? ఎరప్షన్ ఇద్దరికీ తగిలే మూవ్. దాన్ని ఎవరూ తన మీదికి మళ్లించుకోలేరు.

అపోహ: స్పీడ్ ఉంటే చాలు, ముందు కొట్టినవాడిదే ఆట.

ముందు కొట్టడం మంచిదే. కానీ స్పీడ్ అనేది పోకెమాన్‌తో పుట్టిన అంకె మాత్రమే కాదు, టర్న్ టర్న్‌కూ చేతులు మారుతుంది. ఫ్లట్టర్ మేన్‌కు స్పీడ్ పూర్తిగా పెంచితే 205. ఈ ఆరింటిలో దాన్ని దాటేది లేదు. రిల్లాబూమ్‌కు స్పీడ్‌లో ఒక్క ఈవీ (బలాలు పెంచుకోవడానికి పంచుకునే శిక్షణ లెక్క) కూడా పెట్టకపోతే 105. చూస్తే సగం. టోర్నాడస్ టెయిల్‌విండ్ వేసిందనుకోండి, మన వైపు స్పీడ్ రెట్టింపై రిల్లాబూమ్‌ది 210 అవుతుంది. ఎదుటి ఫ్లట్టర్ మేన్ కన్నా ముందు మనదే కదులుతుంది. స్పీడ్ కోసం ఒక్క పాయింటూ ఖర్చు పెట్టలేదు, ఆ పాయింట్లన్నీ ఒంటి బలానికి పోయాయి. అయితే ఆ ఫ్లట్టర్ మేన్ చేతిలో బూస్టర్ ఎనర్జీ అనే ఐటెం ఉండి అది స్పీడ్‌కు తగిలితే 307. అప్పుడు మన 210 చాలదు. అందుకే టెయిల్‌విండ్ ఒక్కదాన్నే నమ్ముకున్న టీం చూస్తే నాకు టెన్షన్. పక్కన ఫేక్ అవుట్ కూడా ఉంటే ఊరట.

ఇంకో సంగతి. టెయిల్‌విండ్ నాలుగు టర్న్‌లు ఉంటుంది, ట్రిక్ రూమ్ ఐదు. రెండింటిలోనూ వేసిన టర్న్ కూడా లెక్కే. కాబట్టి చేతిలో మిగిలేవి మూడు, నాలుగు. టెయిల్‌విండ్ వేసిన టర్న్‌లోనే జోడీకి కూడా స్పీడ్ అందుతుంది. 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల నుంచి ఈ పద్ధతి. పాత ఆటలు ఆడి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

నెమ్మదిగా ఉండటమే లాభమయ్యే చోట్లూ ఉన్నాయి. రెండు వైపులా ఇన్సినరోర్ ఉంటే, నెమ్మదిగా ఉన్నదే ఆఖర్న పార్టింగ్ షాట్ వేసి వెనక్కి పోతుంది. దాని బదులు వచ్చేది ఆ టర్న్ దెబ్బలన్నీ పడిపోయాక హాయిగా దిగుతుంది.

అపోహ: ప్రొటెక్ట్ వేస్తే ఒక టర్న్ దండగ.

సింగిల్స్, అంటే ఒకటికి ఒకటి ఆడి వచ్చినవాళ్ల నోట వినే మాట. ప్రొటెక్ట్ అంటే ఆ టర్న్‌కు దెబ్బలు తగలకుండా కాచుకునే మూవ్. డబుల్స్‌లో ఒకటి ప్రొటెక్ట్ వేస్తే రెండోది ఊరికే ఉండదు కదా! ఫ్లట్టర్ మేన్ మీదికి ఇద్దరూ ఎగబడ్డారు, అది ప్రొటెక్ట్ వేసింది, పక్కనున్న ఉర్షిఫు వాళ్లలో ఒకదాన్ని పడగొట్టింది. ఎదుటివాడి రెండు మూవ్‌లు గాలికి పోయాయి, మనది ఒక్కటే ఖర్చు. ఎదుటివాడి ట్రిక్ రూమ్ టర్న్‌లు కరిగించాలన్నా ఇదే సాధనం. వరసగా రెండోసారి వేస్తే పనిచేసే అవకాశం మూడింట ఒక వంతే, కాబట్టి మళ్లీ మళ్లీ నొక్కకండి. ఉర్షిఫు ఎదుటిదాని ఒంటిని తాకుతూ కొట్టే మూవ్‌లు ప్రొటెక్ట్‌ను కూడా చీల్చుకుపోతాయి. అది ఎదురుగా ఉంటే ప్రొటెక్ట్ బదులు స్విచ్ ఆలోచించండి.

చాయిస్ ఐటెం (ఒకే మూవ్‌కు కట్టేసేది) పట్టుకున్నవి, అసాల్ట్ వెస్ట్ (కొట్టే మూవ్‌లు తప్ప వేయనివ్వనిది) వేసుకున్నవి ప్రొటెక్ట్‌ను మోయవు. ఆరింటిలో అలాంటివి రెండు దాటితే నేను ఒప్పుకోను.

అపోహ: సింగిల్స్‌లో రాజైనది డబుల్స్‌లోనూ రాజే.

కాదు. స్టెల్త్ రాక్ లాంటివి, అంటే కొత్తగా దిగేవాటికి దెబ్బ తగిలించేవి, స్విచ్‌లు ఎక్కువుంటేనే గిట్టుబాటు, ఇక్కడ మ్యాచ్ కొద్ది టర్న్‌లలో తేలిపోతుంది. ఎర్త్‌క్వేక్ మన జోడీకి కూడా తగులుతుంది. ఒకటి కన్నా ఎక్కువ వాటికి తగిలే మూవ్‌ల బలం 75 శాతానికి పడిపోతుంది.

అపోహ: ఇన్సినరోర్ ఉంటే ఎవరి కొట్టుడూ సాగదు.

దాని ఇంటిమిడేట్ ఎదుటివాళ్ల అటాక్‌ను మూడింట రెండు వంతులకు తగ్గిస్తుంది. బాగుంది. కానీ స్పెషల్ దెబ్బ కొట్టే ఫ్లట్టర్ మేన్‌కు అది పట్టదు. ఉర్షిఫు సర్జింగ్ స్ట్రయిక్స్ మూడు దెబ్బలూ క్రిటికలే (మామూలు కన్నా గట్టిగా పడేవి), క్రిటికల్‌కు తగ్గిన అటాక్ లెక్కలోకి రాదు. ఇక ఎదుటివాళ్లు బలం తగ్గిస్తే అటాక్ పెంచుకునే డిఫైంట్ ఉన్న కింగాంబిట్ ముందు ఇన్సినరోర్‌ను దింపితే దాని అటాక్ ఒక మెట్టు తగ్గి రెండు మెట్లు పెరుగుతుంది. అంటే మనమే దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి మన మీదికి వదిలినట్టు. ఎదుటి ఆరింటిలో కింగాంబిట్ కనబడితే ఇన్సినరోర్‌తో మొదలుపెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

అపోహ: పచిరిసుతోనే ప్రపంచ కప్పు గెలిచారు, కాబట్టి ఇష్టమైన ఏ పోకెమాన్‌నైనా పెట్టుకోవచ్చు.

2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పచిరిసును టీంలో పెట్టి గెలిచిన మాట నిజం. ఈ కథ చెప్పుకోని కుర్రాడు లేడు. కథలో సగమే చెప్పుకుంటారు, అదీ ఇబ్బంది. ఆ టీంలో అసలు బలం మెగా గ్యారడాస్. దాని మీదికి విసిరే కరెంటు దెబ్బల్ని పచిరిసు ఫాలో మీతో తన మీదికి లాక్కునేది. దానికి వోల్ట్ అబ్జార్బ్ ఉంది, కరెంటు తగిలితే ప్రాణం పెరుగుతుందే తప్ప తగ్గదు. నజుల్‌తో ఎదుటివాటికి పక్షవాతం తెప్పించేది, సూపర్ ఫ్యాంగ్‌తో మిగిలిన ప్రాణంలో సగం కొరికేసేది. చూడ్డానికి ముద్దుగా ఉందని పెట్టింది కాదు, ఆ ఆరింటిలో ఆ పని చేయగలదనే పెట్టింది. అదే పచిరిసును వేరే ఐదింటి పక్కన పెడితే వట్టి ఉడతే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గెలిచినవాడి టీంను అచ్చంగా దించేసుకుంటే గెలుస్తామనుకోవడం. దించుకోవడం నేర్చుకోవడానికి మంచిదే, నేనే దించుకోమంటాను. కాకపోతే ఏ పోకెమాన్లు ఆడొచ్చో చెప్పే రెగ్యులేషన్ మారుతూ ఉంటుంది. అది మారితే ఆ టీం ఎవరి కోసం కట్టారో ఆ ఎదుటివాళ్లే ఉండరు.

అపోహ: ఎవరూ ఊహించని మూవ్ ఒకటి దాచుకుంటే చాలు.

2023 సీజన్ నుంచి అధికారిక పోటీల్లో టీం షీట్ ఇద్దరికీ తెరిచే ఉంటుంది. మూవ్‌లు, ఐటెం, ఎబిలిటీ, టెరా టైపు అన్నీ ఎదుటివాడికి తెలుసు. తెలియనివి ఈవీలు, నేచర్ (ఒక బలాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గించే స్వభావం). దాచుకోవాలంటే అక్కడ దాచుకోండి. లెవెల్ 50లో మొదటి 4 ఈవీలకు ఒక పాయింటు, ఆ తర్వాత ప్రతి 8కి ఒక పాయింటు. కాబట్టి 4, 12, 20 అని పెట్టాలి. 8 పెడితే నాలుగు వృథా. రెండు బలాలకు 252 ఈవీల చొప్పున పోసేసి పైకి లేచే పద్ధతి కొట్టేవాటికి సరిపోవచ్చు. ఇన్సినరోర్, అమూంగస్ లాంటివి ఏ దెబ్బకు నిలబడాలో లెక్క చూసి పెంచితేనే నాలుగు కాలాలు ఉంటాయి.

అపోహ: ఇదంతా అదృష్టం అన్నా!

కొంత అదృష్టమే. రాక్ స్లైడ్ 90 శాతం తగులుతుందంటారు గానీ, ఎదుటి రెండింటికీ విడివిడిగా చూస్తుంది. రెండింటికీ తగలడం 81 శాతమే. ఇది తెలిసీ మ్యాచ్ మొత్తాన్ని దాని మీద పెట్టి తప్పిపోతే నెత్తి కొట్టుకోవడం ఎందుకు? పెద్ద పోటీల్లో మూడు గేముల్లో రెండు గెలవాలి. అక్కడ ఒక్క క్రిటికల్‌తో అంతా పోదు.

అపోహ: కన్సోల్ కొనకుండా ఇది నేర్చుకోలేం.

షోడౌన్ అనే సైట్‌లో ఈ ఆటను బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మా వాళ్లలో ఎక్కువమంది అక్కడే నేర్చుకున్నారు. మూడు గేముల పద్ధతి, తెరిచిన టీం షీటు, అన్నీ ఉంటాయి. అధికారిక పోటీకి వెళ్లాలంటే మాత్రం అసలు ఆట కావాలి.

అపోహ: ఓడిన ప్రతిసారీ టీం మార్చాలి.

కాశీనగర్ నుంచి వచ్చే కుర్రాడొకడు వారం తిరగకుండా ఆరింటినీ మార్చేసేవాడు. వాడికి నేను చెప్పింది ఒక్కటే: ప్రతి మ్యాచ్‌కు ఏ నాలుగింటిని దింపావో నోట్‌బుక్‌లో రాయి, గెలిచినా ఓడినా. కొన్నాళ్లకు పుస్తకం తెరిచి చూస్తే అమూంగస్ పేరు దాదాపు లేదు. వాడికి నెమ్మదిగా ఆడటం చేతకాదు, ఎదుటివాటిని నిద్రపుచ్చే స్పోర్ వేసి కూర్చునే ఓపిక లేదు. కానీ దాన్ని తీసేస్తే కొట్టేవాటికి అడ్డం నిలబడేది పోతుంది, టోర్కోల్ లేని టీం ట్రిక్ రూమ్ వేసినప్పుడు నమ్ముకునేదీ పోతుంది. అందుకని దాని జాగాలో ఇంకో కొట్టేదాన్ని తెస్తానంటే వద్దన్నాను. ఫాలో మీ ఉన్నది ఏదైనా వెతుక్కో అన్నాను. మిగతా ఐదూ ఇప్పటికీ అవే.