తుడిచే కొద్దీ దుమ్మెందుకు పడుతుంది? ప్లాస్టిక్ మోడల్‌కి పెయింట్ వేసే ముందు కొంచెం సైన్స్

1/72 స్కేల్‌లో విమానం 72 రెట్లు చిన్నదవుతుంది కానీ మనింట్లో దుమ్ము చిన్నదవదు కదా, చిక్కంతా అక్కడే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) అనుకుందాం, దాన్ని 72తో గుణిస్తే 5 మిల్లీమీటర్లు, అంటే అసలు మిగ్-21 యుద్ధవిమానం రెక్క మీద 5 మిల్లీమీటర్ల తాడు పడుంటే తీయకుండా దాని మీదే పెయింట్ కొట్టేసినట్టు. మిల్లీమీటర్‌లో పదో వంతున్న రేణువైతే 7 మిల్లీమీటర్ల కంకర రాయి లెక్క. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో కొట్టిన పొర ఆరాక మహా అయితే కొన్ని పదుల మైక్రాన్లు ఉంటుంది, కాబట్టి పెయింట్ దుమ్ముని కప్పేస్తుందని ఆశ పెట్టుకోవద్దు, కప్పదు సరికదా ఇంకా ఎత్తి చూపిస్తుంది, సిల్వర్ లాంటి మెరిసే రంగులైతే మరీనూ.

మిగ్-21 అంటే హైదరాబాదీలకి మమకారం ఉండడం సహజమే, దాని ఎలక్ట్రానిక్స్ మన బాలానగర్ హెచ్‌ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీలోనే తయారయ్యేవి. 2025 సెప్టెంబర్‌లో వాయుసేన వాటికి వీడ్కోలు పలికాక ఆ విమానం కిట్ (విడి భాగాలు అతికించి మోడల్ చేసుకునే పెట్టె) మొదలుపెడతామనేవాళ్లు నాకు చాలామందే కనిపిస్తున్నారు. వాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట ఒక్కటే, పొడి గుడ్డ పట్టుకోకండి.

ఎందుకంటే కిట్లలో ఉండేది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. ఇది కరెంటుని అస్సలు పోనివ్వదు, పైగా గుడ్డతోనో చేత్తోనో రుద్దితే ఎలక్ట్రాన్లని లాక్కుని నెగెటివ్ చార్జ్ ఎక్కించుకుంటుంది. మామూలుగా ఇనుమూ రాగీ లాంటివైతే ఎక్కిన చార్జ్ క్షణంలో ఎటో పారిపోతుంది, పాలీస్టైరీన్‌లో దానికి దారే లేదు, ఎక్కడ ఎక్కిందో అక్కడే గంటల తరబడి కూర్చుంటుంది. ఇక గాల్లో తిరిగే దుమ్ముకి చార్జ్ లేకపోయినా సరే అతుక్కుంటుంది, ఎలాగంటే రేణువు దగ్గరికి రాగానే దాని లోపల చార్జులు కొంచెం పక్కకి జరుగుతాయి, ప్లాస్టిక్ వైపు పాజిటివ్, అవతలి వైపు నెగెటివ్, దగ్గరున్న పాజిటివ్ మీద లాగుడు ఎక్కువ, దూరంగా ఉన్న నెగెటివ్ మీద తోపుడు తక్కువ, మొత్తం మీద లాగుడే గెలుస్తుంది. చిన్నప్పుడు దువ్వెనతో కాగితం ముక్కలు లేపింది ఇదే పద్ధతిలో. అంటే పొడి గుడ్డతో ఎంత గట్టిగా తుడిస్తే మోడల్ అంత గట్టిగా చుట్టూ ఉన్న దుమ్ముని పిలుచుకుంటుంది. రంగు పడకూడని చోట అంటించే మాస్కింగ్ టేప్ సర్రున పీకినా అదే జరుగుతుంది, భాగాల్ని పాలిథిన్ కవర్‌లోంచి జర్రున లాగినా అదే.

చార్జ్ తీసేయడానికి మోడల్‌ని కిటికీ ఇనుప గ్రిల్‌కి ఆనిస్తే చాలు కదా అంటారు కొందరు. చాలదండీ, గ్రిల్‌కి తాకిన ఆ చోట తప్ప మిగతా చార్జ్ కదలదు, కదలగలిగితే అసలు సమస్యే ఉండేది కాదు. దానికి దారి చూపించేది తేమ. గాల్లో తేమ బాగా ఉన్నప్పుడు వస్తువుల మీద కంటికి కనపడని నీటి పొర చేరుతుంది, చార్జ్ దాని మీదుగా మెల్లగా జారిపోతుంది. అందుకే హైదరాబాద్‌లో ఈ పనికి కాలం పట్టింపు ఉంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఇక్కడ గాల్లో తేమ 30 శాతం లోపుకి కూడా పడిపోతుంది, అప్పుడు మోడల్ దుమ్ముకి అయస్కాంతమే, అదే ఆగస్టులో వానలప్పుడు సగం ఇబ్బంది ఉండదు, కాకపోతే పెయింట్ ఆరడం లేటు. ఎండాకాలంలో చేయాల్సి వస్తే పొద్దున్నే చేయడం మేలు, అప్పుడు తేమ కాస్త ఎక్కువ ఉంటుంది.

మన దుమ్ము సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఊరే గ్రానైట్ మీద ఉంది, కోకాపేట, గచ్చిబౌలి వైపు ఏ మూల చూసినా బండ తొలుస్తూనో పునాది తవ్వుతూనో ఉంటారు, ఆ గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేల్ మీద 7, మామూలు గాజు కంటే ఎక్కువ, ఇక ప్లాస్టిక్ ఏపాటిది? అలాంటి రేణువుల్ని గుడ్డ కింద పెట్టి రుద్దితే గీతలు పడి తీరతాయి, ముఖ్యంగా కాక్‌పిట్ పైన ఉండే పారదర్శకమైన కానోపీ ఒక్కసారి గీసుకుపోతే బాగుచేయడం చాలా కష్టం.

సరే తుడవొద్దంటే ఊదేద్దాం అనిపిస్తుంది. పెద్ద రేణువులు పోతాయి, చిన్నవి పోవు. రేణువు సైజు పది రెట్లు తగ్గితే దాని బరువు వెయ్యి రెట్లు తగ్గుతుంది కానీ ఉపరితలానికి దాన్ని అంటించి ఉంచే వాన్ డర్ వాల్స్ బలం పది రెట్లే తగ్గుతుంది, కాబట్టి 10 మైక్రాన్ల రేణువు విషయంలో అతుకుడు బలం దాని బరువు కంటే వేల రెట్లు ఎక్కువ, మోడల్‌ని తలకిందులు చేసి దులిపినా రాలదు. దీనికి తోడు, ఉపరితలాన్ని ఆనుకున్న గాలి కదలదు, 1904లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంట్ల్ చెప్పిన బౌండరీ లేయర్ ఇదే, పైన గాలి ఎంత వేగంగా పోయినా అడుగున సన్నటి పొర నెమ్మదిగానే ఉంటుంది, సన్న దుమ్ము ఆ పొరలోనే దాక్కుంటుంది. సీలింగ్ ఫ్యాన్ రోజంతా గిర్రున తిరుగుతూనే ఉంటుంది కదా, అయినా దాని రెక్కల మీద దుమ్ము ఎంత మందంగా పేరుకుంటుందో అందరికీ తెలుసు.

అందుకని తడి పద్ధతే పద్ధతి. నీళ్లు చార్జ్‌ని తీసేస్తాయి, రేణువుకీ ప్లాస్టిక్‌కీ మధ్య దూరి ఆ అతుకుడుని బలహీనం చేస్తాయి, ఒక్క దెబ్బకి రెండు పనులు. కాకపోతే ఉత్త నీళ్లు పాలీస్టైరీన్ మీద పరుచుకోవు, ముత్యాల్లా నిలబడతాయి, ఎందుకంటే నీటి తలతన్యత (ద్రవం పైపొరని బిగపట్టి ఉంచే బలం) మీటర్‌కి 72 మిల్లీన్యూటన్లు, పాలీస్టైరీన్ మీద ఏ ద్రవమైనా పూర్తిగా పరుచుకోవాలంటే అది 33 దగ్గరికి రావాలి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేస్తే నీళ్లు 30 చుట్టుపక్కలకి దిగిపోయి ప్యానెల్ గీతల్లోకి (విమానం రేకుల అతుకుల్ని చూపించే సన్న గాడులు), రివెట్ల మధ్యకి దూరతాయి. ఫ్యాక్టరీలో అచ్చులోంచి భాగాలు ఊడిరావడానికి కొట్టే రిలీజ్ ఏజెంట్, మన వేళ్ల జిడ్డు కూడా ఈ సబ్బే పట్టుకుపోతుంది, ఆ జిడ్డు ఉంటే దుమ్ము ఇంకో రకంగా అంటుకుంటుంది, పెయింట్ కూడా పట్టదు. గోరువెచ్చని నీళ్లు చాలు, మరిగే నీళ్లు వద్దు, 100 డిగ్రీల దగ్గర ఈ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, సన్న భాగాలు అంతకంటే ముందే వంకరపోవచ్చు. మెత్తటి టూత్‌బ్రష్‌తో గీతల వెంబడే నెమ్మదిగా తోమండి. కడిగాక కూడా నీళ్లు ముత్యాల్లా నిలిచాయని జిడ్డు పోలేదనుకోవద్దు, శుభ్రమైన పాలీస్టైరీన్ మీద కూడా నీళ్లు అలాగే నిలుస్తాయి.

ఆఖరి కడుగుడు మాత్రం బోరు నీళ్లతో వద్దు. మన దగ్గర చాలా కాలనీల్లో బోరు నీళ్లు గట్టివి, ఆరాక తెల్లటి కాల్షియం మచ్చలు మిగులుతాయి, దుమ్ము తీసి సున్నం పూసినట్టవుతుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, పెద్ద ఖరీదు కాదు, లేదంటే ఫిల్టర్ ఆర్‌వో నీళ్లు. కడిగాక టవల్‌తో ఒత్తకండి, నూలు పోగులు అంటుకుంటాయి, ఓ వారగా నిలబెట్టి పైన పెద్ద స్టీల్ గిన్నె బోర్లించేసి వదిలేయండి.

అన్నిటికంటే ఎక్కువ దుమ్ము మనమే పుట్టిస్తాం, లప్పం పెట్టి అరగదీసేటప్పుడు. పొడిగా రుద్దితే సన్న పొడి అంతా ప్యానెల్ గీతల్లోకి దిగి గట్టిగా కూరుకుపోతుంది, పైగా రుద్దడం వల్ల చార్జ్ కూడా ఎక్కుతుంది. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అని అడిగితే ఇచ్చేది దీనికోసమే, 600 నంబరు, తర్వాత ఇంకా సన్నటి 1000 నంబరు తడిపి రుద్దండి, పొడి లేవదు, ముద్దలా వచ్చి నీళ్లతో పోతుంది. రెసిన్ (పోత పోసి చేసే ఇంకో రకం ప్లాస్టిక్) భాగాలు అరగదీసేటప్పుడైతే తడిపినా సరే మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

తర్వాత గది. ఇసుకంత సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల రేణువు కదలని గాల్లో రెండు మీటర్ల ఎత్తునుంచి దిగడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, 1 మైక్రాన్‌దైతే గంటలు. పెయింటింగ్‌కి ముందు చీపురు పట్టడం అంటే ఆ గంటల దుమ్ముని లేపి మోడల్ మీదకి పంపడమే. ముగ్గు వేసే ముందు వాకిట్లో కళ్లాపి చల్లేది కూడా దుమ్ము అణగడానికే, కార్ల పెయింట్ షెడ్డుల్లో నేల తడపడం కూడా అందుకే. తడిగుడ్డతో నేల తుడిచి, ఫ్యాన్ ఆపేసి, ఓ అరగంట వదిలేయండి. ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా కష్టమే, నిజమే, కానీ ఆ కాసేపే.

ఇప్పుడు లైట్లు ఆపి మోడల్‌కి పక్కనుంచి, దాదాపు ఉపరితలాన్ని తాకుతూ వెళ్లేలా టార్చ్ వేసి చూడండి. 1870లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జాన్ టిండాల్ చీకట్లో కాంతి పుంజం వేసి, శుభ్రంగా ఉందనుకున్న గాల్లో ఎంత దుమ్ముందో జనానికి చూపించాడు, ఇదీ అలాంటిదే, పై లైట్‌లో నున్నగా కనిపించిన రెక్క మీద ఒక్కో పోగూ నీడతో సహా లేచి కనిపిస్తుంది.

మిగిలినవాటికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగి చూడండి. పోగులు రాని గుడ్డకి కొంచెం తడి చేసి ఒకే వైపుకి నెమ్మదిగా లాగండి, ఇది పాలీస్టైరీన్‌ని కరిగించదు, చార్జ్ ఎక్కనివ్వదు, మిగలకుండా ఆరిపోతుంది. అసిటోన్, మామూలు థిన్నర్ జోలికి పోవద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. కోవిడ్ నాటి శానిటైజర్ సీసా ఉంది కదా అని అదీ వాడొద్దు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలోనే చర్మం కోసం 1.45 శాతం గ్లిజరాల్ ఉంటుంది, అది జిడ్డు పొరగా మిగిలిపోతుంది. అలాగే ఇప్పటికే వేసిన అక్రిలిక్ పెయింట్ మీద ఆల్కహాల్ పెడితే రంగు ఊడొస్తుంది, కాబట్టి ఇది ప్రైమర్‌కి (రంగుకి ముందు వేసే తొలి పొర) ముందు పని. స్టవ్ దగ్గర అస్సలు వాడొద్దు, అంటుకుంటుంది.

ప్రైమర్‌కి, రంగుకి మధ్య దుమ్ము తీయాలంటే మెత్తటి బ్రష్షే దిక్కు. ఫొటోగ్రాఫర్లు ఫిల్మ్ శుభ్రం చేయడానికి వాడిన కొన్ని బ్రష్‌లలో పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం పట్టీ ఉండేది, అందులోంచి వచ్చే ఆల్ఫా కణాలు గాలిని అయాన్లుగా (చార్జ్ ఉన్న కణాలుగా) విడగొట్టి చార్జ్‌ని అక్కడికక్కడే రద్దు చేసేవి, దాని అర్ధజీవితం (బలం సగానికి పడిపోయే కాలం) 138 రోజులే కాబట్టి ఏడాది దాటితే పట్టీ మార్చాల్సిందే. మనకి అంత అక్కర్లేదు, రంగు వేసే ముందు టార్చ్ వేసి ఒకసారి, అవసరమైతే బ్రష్‌తో తేలిగ్గా ఒకసారి, అంతే.

ఇంత చేసినా తడి పెయింట్‌లో ఓ పోగు పడిందనుకోండి, ఎంత చెయ్యి జిలపెట్టినా ముట్టుకోకండి, వేలు పెడితే పోగు పోయి గుంట మిగులుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, 2000 వాటర్ పేపర్ తడిపి ఆ చోట మాత్రం అరగదీసి, మళ్లీ పల్చగా ఒక కోటు వేయండి.