విలన్ ఎవరో ముందే ఎందుకు చెప్పరంటే

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దనాన్న ఆశీస్సులు. పోస్టర్ మీద హీరో ముఖం పెద్దగా వేస్తారు, చుట్టూ మిగతా వాళ్ళంతా ఉంటారు, విలన్ మాత్రం వీపు తిప్పుకుని చీకట్లో నిలబడి ఉంటాడు. మొదటి ఆట అయిపోగానే లోకమంతటికీ తెలిసిపోయే దానికి ఇంత దాపరికం దేనికని అడిగారు. మంచి ప్రశ్న. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేస్తే తృప్తిగా ఉండదని ఉత్తరం రాస్తున్నాను. ఇందులో కొన్ని సినిమాల పేర్లు వస్తాయి. వాటి గుట్టు మాత్రం విప్పను. వాటిలో ఒకటి రెండు మీరు బాగా పెద్దయ్యాక చూడాల్సినవి. అప్పటిదాకా ఆ రహస్యం మీకోసం భద్రంగా ఉండాలి.

సినిమావాళ్ళు దాచేవి రెండు ఉన్నాయి. విలన్ వేషం ఏ నటుడు వేస్తున్నాడన్నది ఒకటి, కథలో అసలు దుర్మార్గుడు ఎవరన్నది ఇంకొకటి. మొదటిది ఎక్కువగా ప్రచారం కోసం. ఒక రోజు పేరు బయటపెడతారు, మరో రోజు ఫస్ట్ లుక్ వదులుతారు, ఇంకో రోజు టీజర్. ఆ నెలల్లో సినిమా పేరు జనం నోళ్ళలో నానుతుంటుంది. ఇది ఇప్పటి అలవాటు కూడా కాదు. 1931లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టీన్' మొదటి టైటిల్స్‌లో ఆ వికృతాకారం వేషం వేసిన నటుడి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం గుర్తు ఒక్కటే వేశారు. బోరిస్ కార్లాఫ్ అన్న పేరు సినిమా చివర్లో గానీ పడదు.

నేను మనసు పెట్టి చెప్పాలనుకున్నది రెండో దాని గురించి. ఒక ఇంట్లో హత్య జరిగిందనుకోండి. ఇంటి పెద్ద వచ్చి, ఏడుస్తున్న అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి "నేనున్నాగా తల్లీ" అంటాడు. అతనే హంతకుడని మీకు తెలియదు. కాబట్టి ఆ మాట మీకు ఓదార్పుగా వినిపిస్తుంది, లేదా ఎందుకో చిన్న అనుమానం తగులుతుంది. ఆ రెంటి మధ్య ఊగుతూ మీరు అతని కళ్ళు చూస్తారు, చేతులు చూస్తారు, వెనక తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముణ్ణి చూస్తారు. ఇప్పుడు అదే సీను, విలన్ ఎవరో ముందే తెలిసి చూడండి. తమ్ముడి వైపు మీ కన్ను తిరగనే తిరగదు. అతన్ని అనుమానించేలా రాసుకున్న సీన్లన్నీ, అతని కోపం, అతని మౌనం, అర్ధరాత్రి అతను బయటికి వెళ్ళడం, అన్నీ వట్టి కాలక్షేపం అయిపోతాయి. ఒక్క పేరు బయటికి వస్తే చెడిపోయేది క్లైమాక్స్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. నన్నడిగితే ఎక్కువ నష్టం అంతకు ముందున్న గంటన్నరకే. అనుమానించడం, తప్పు ఊహించడం, మళ్ళీ ఇంకొకరి మీదికి మళ్ళడం, ఇదంతా ప్రేక్షకుడు చేసే పని. అతని చేత ఆ పని చేయించడానికే సినిమా తీశారు. విడుపు ముందే చెప్పేస్తే పొడుపు కథ ఇంకెవరు విప్పుతారు?

పైగా ఇలాంటి కథల్లో దుర్మార్గుడు మన కళ్ళెదుటే తిరుగుతూ ఉండాలి. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత డిటెక్టివ్ కథలకు కొన్ని నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే పాఠకుడికి పరిచయమైన మనిషై ఉండాలన్నది అందులో మొదటిది. ఆఖరి పది నిమిషాల్లో ఎక్కణ్ణుంచో కొత్త మనిషిని తెచ్చి "వీడే" అంటే అది మోసం. న్యాయంగా ఆడాలంటే విలన్‌ని అందరి మధ్యా కూర్చోబెట్టాలి, అయినా కనిపెట్టకుండా చూడాలి. అంత కష్టపడి కట్టినదాన్ని ఒక పోస్టర్ పడగొట్టేస్తే ఏ దర్శకుడికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే వాళ్ళు ఎన్ని జాగ్రత్తలు పడతారో చూడండి. నటీనటులకు స్క్రిప్టు మొత్తం ఇవ్వకుండా వాళ్ళ సీన్లు మాత్రమే ఇవ్వడం ఒక పద్ధతి. సెట్లోకి ఫోన్లు రానివ్వకపోవడం ఇంకో పద్ధతి. ట్రైలర్ కట్ చేసేవాళ్ళకు కత్తి మీద సామే, ఆసక్తి పుట్టించాలి, ఆనవాలు దొరకకూడదు. కొన్నిసార్లు నటుడి పేరు కూడా గుట్టు విప్పేస్తుంది. 1995లో వచ్చిన 'సెవెన్'లో హంతకుడి వేషం వేసినతని పేరు మొదటి టైటిల్స్‌లో వెయ్యలేదు. ఎందుకో ఆలోచించండి. తెలిసిన నటుడి పేరు మొదట్లో చూశాం, సగం సినిమా అయినా అతను తెర మీదికి రాలేదు. ఇక హంతకుడు ఎవరో లెక్క కట్టడం ఎంతసేపు?

వీటన్నిటిలోకీ నాకు బాగా ఇష్టమైన సంగతి 1980 నాటిది. స్టార్ వార్స్ వరుసలో రెండోదిగా వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో, నల్ల మాస్క్ పెట్టుకున్న విలన్ హీరోతో ఒక మాట అంటాడు. ఆ ఒక్క మాటతో కథంతా తిరగబడుతుంది. షూటింగ్ రోజున స్క్రిప్టులో ఉన్నది ఆ మాట కాదు, దాని బదులు రాసిన ఉత్తుత్తి డైలాగు. మాస్క్ వెనక ఉన్న డేవిడ్ ప్రౌస్ ఆ డైలాగే చెప్పాడు. చుట్టూ ఉన్న యూనిట్ విన్నదీ అదే. హీరోగా వేసిన మార్క్ హామిల్‌కు మాత్రం షాట్‌కు ముందు దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్ అసలు మాట రహస్యంగా చెప్పాడు. చెవిన పడుతున్నది ఒకటి, మనసులో ఉన్నది ఒకటి. ఆ రెండోదానికే అతను నటించాడు. తర్వాత జేమ్స్ ఎర్ల్ జోన్స్ డబ్బింగ్ చెప్పినప్పుడు అసలు మాట వచ్చి కలిసింది. మాస్క్ ఉంది కాబట్టి పెదాల కదలికతో పేచీ లేదు. ఈ సినిమా మీరు నిస్సంకోచంగా చూడొచ్చు. ఆ సీను వచ్చినప్పుడు హామిల్ ముఖం చూడండి.

సినిమా విడుదలయ్యాక కాపాడేది ఇక ప్రేక్షకులే. 1960లో హిచ్‌కాక్ 'సైకో' తీసినప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వొద్దని షరతు పెట్టాడు. ఆ రోజుల్లో అమెరికాలో జనం ఆట మధ్యలో వచ్చి కూర్చోవడం మామూలే, అందుకని ఆ షరతు చాలా కొత్తగా అనిపించింది. విమర్శకులకు కూడా ముందుగా ప్రత్యేకంగా వెయ్యలేదు, అందరితో కలిసి చూడాల్సిందే. లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్'లో అయితే ఆట ముగిశాక నటుల్లో ఒకరు ముందుకొచ్చి, హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకులను కోరతారు. చెప్పకుండా ఎవరూ ఆపలేరు, అయినా నమ్మి అడుగుతారు. డెబ్బై ఏళ్ళు దాటినా, తెలియకుండా వెళ్ళి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అయితే దాచిన ప్రతిదీ దాచదగ్గదే అనుకోకండి. 2013లో 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్' వచ్చే ముందు, అందులో విలన్ పాత స్టార్ ట్రెక్ కథల్లోని ఒక పేరుమోసిన పాత్రేనా అని అభిమానులు అడుగుతుంటే యూనిట్ వాళ్ళు కాదంటూ వచ్చారు. తీరా చూస్తే అతనే. ముందే చెప్పేసి ఉంటే బాగుండేదని దర్శకుడు జె.జె. అబ్రామ్స్ తర్వాత అన్నాడు. నాకు తోచిన కారణం ఇది: ఆ పేరు కథలోని హీరోకే కొత్త. విన్నా అతని గుండె ఝల్లుమనదు. గుట్టు బయటపడినప్పుడు ముందు కథలోని మనిషి కదిలిపోవాలి, అతనితో పాటు మనం. అలా కానప్పుడు అది పోస్టర్ మీది రహస్యమే గానీ కథలోని రహస్యం కాదు.

అసలు విలన్ ఎవరో మొదటి సీన్లోనే చెప్పేసి టెన్షన్ పెట్టే సినిమాలూ ఉన్నాయి. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే పదిహేను నిమిషాల సస్పెన్స్, చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఆశ్చర్యం అన్నది హిచ్‌కాక్ లెక్క. మన 'బాహుబలి' సంగతి చూడండి. 2015లో మొదటి భాగం చివర చంపింది ఎవరో చెప్పేశారు. ఎందుకు చంపాడన్నది 2017 ఏప్రిల్ దాకా దాచారు. ఎవరు అన్నదానికన్నా ఎందుకు అన్నదే జనాన్ని ఎక్కువ తొలిచింది. ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్నది కథను బట్టి దర్శకుడు తేల్చుకునే విషయం. దాన్ని మనం గౌరవించాలి.

ముందే తెలిస్తే ఆనందం తగ్గదనే వాళ్ళూ ఉన్నారు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్న కథలతో పరీక్షించి, ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథను మరికాస్త ఇష్టపడ్డారని చెప్పారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ముగింపు తెలిస్తే మనసు తేలికపడి, రాసిన తీరును గమనిస్తాం. కానీ ఆ అనుభవం రెండోసారి చూస్తే ఎలాగూ దొరుకుతుంది. తెలియకుండా చూడడం ఒక్కసారే కుదురుతుంది, పోతే మళ్ళీ రాదు. అందుకే ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. హాల్లో ఫోన్ ఎత్తి క్లైమాక్స్ తీసి పది గ్రూపుల్లో పెట్టేవాళ్ళు ఆ అవకాశాన్ని అవతలివాళ్ళ చేతుల్లోంచి లాగేసుకుంటున్నారు. 2019లో 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' దృశ్యాలు విడుదలకు ముందే బయటికి పొక్కితే దర్శకులైన రుస్సో సోదరులు అభిమానులకు బహిరంగ లేఖ రాసి మరీ బతిమాలారు.

మీకో పని చెబుతాను. మిమ్మల్ని బాగా బోల్తా కొట్టించిన సస్పెన్స్ సినిమా ఒకటి ఎంచుకుని రెండోసారి చూడండి. ఈసారి హీరోని వదిలేసి విలన్ మీదే కళ్ళు పెట్టండి. చెడు కబురు వచ్చినప్పుడు అందరూ తలుపు వైపు తిరిగితే అతను ఎటు చూశాడు, ఎవరూ అడగని ప్రశ్నకు ఎక్కడ జవాబు చెప్పాడు, దర్శకుడు నిజాన్ని చూపిస్తూనే మన దృష్టి ఎటు మళ్ళించాడు, అన్నీ వివరంగా రాసి పంపండి. పై కాగితం మీద సినిమా పేరు మాత్రం రాయండి, మిగతాదంతా మడిచి లోపల పెట్టండి. నేను చూడని సినిమా అయితే ముందు అది చూసి, ఆ తర్వాతే మీ ఉత్తరం విప్పుతాను.

మీ
పెద్దనాన్న