నూరేళ్లు దాటాక పెరిగిన వేగం

కోనసీమలో డెబ్బై దాటినా సైకిల్ వదలని పెద్దలు ఇప్పటికీ కనిపిస్తారు. వెనక పాల క్యాన్లో, గడ్డిమోపో కట్టుకుని కాలువ గట్టు వెంట సాగిపోతుంటారు. ‘ఈ వయసులో ఇంకా ఎందుకండీ’ అని వారించేవాళ్లకి ఫ్రాన్స్ సైక్లిస్టు రాబర్ట్ మర్చాండ్ సంగతి చెప్పాలి.

సైకిల్ పందేల్లో ‘గంట రికార్డు’ అని ఒకటుంది. ట్రాక్ మీద ఒంటరిగా గంటసేపు తొక్కాలి, ఎంత దూరం వెళ్లారో కొలుస్తారు. బ్రేకులుండవు, గేరు మార్చడం ఉండదు, ముందు వెళ్లేవాడి చాటున దాక్కునే వీలూ ఉండదు. 2022లో ఇటలీ వీరుడు ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లు తొక్కాడు. మర్చాండ్ 2012లో నూరేళ్ల వయసులో 24.250 కిలోమీటర్లు, 2014లో 102 ఏళ్లప్పుడు 26.927 కిలోమీటర్లు తొక్కారు. వయసు పెరిగింది, దూరమూ పెరిగింది!

ఇదెలా సాధ్యం? ఆయనకి శిక్షణ పద్ధతి రూపొందించి, శరీరాన్ని పరీక్షించిన శాస్త్రవేత్త వెరోనిక్ బిల్లా. ఏడాదికి సుమారు 5,000 కిలోమీటర్లు. అందులో 80 శాతం తేలిగ్గా, 20 శాతం కాస్త కష్టంగా, ఆయాసం వచ్చేలా. 101 నుంచి 103 ఏళ్ల మధ్య ఆయన శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్, కిలో బరువుకి నిమిషానికి 31 నుంచి 35 మిల్లీలీటర్లకి పెరిగింది. గరిష్ఠ శక్తి 90 వాట్ల నుంచి 125 వాట్లకి చేరింది. గుండె గరిష్ఠ వేగం మాత్రం దాదాపు మారలేదు.

శక్తి 39 శాతం పెరిగితే దూరం 11 శాతమే పెరిగిందేమిటి? కారణం గాలి. సైకిల్ వేగం పెరిగేకొద్దీ గాలిని తోసుకెళ్లడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 1.39కి ఘనమూలం తీస్తే 1.12 దగ్గర తేలుతుంది. టైర్ల రాపిడిని వదిలేసి వేసిన ఈ కాగితం లెక్క ఒక శతాధిక వృద్ధుడి రికార్డుకి ఇంత దగ్గరగా రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక మన గాలి. ఉక్కపోతగా ఉన్న రోజున గాలి బరువెక్కిందంటాం గానీ, నిజానికి తేలికవుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. నీటి ఆవిరి అణువు నైట్రోజన్ అణువు కంటే తేలిక. 35 డిగ్రీల ఎండలో, 70 శాతం తేమతో ఉన్న అమలాపురం గాలి, 15 డిగ్రీల పొడి గాలి కంటే సుమారు 8 శాతం పలచన. అంటే అదే శక్తితో ఇంకో 2.8 శాతం దాకా వేగం. రోడ్డూ చదునే.

అయితే ఆ లాభాన్ని చెమట మింగేస్తుంది. కండరాలు ఖర్చుచేసే శక్తిలో పావు వంతు కూడా పెడలుకి చేరదు, మిగతాదంతా వేడి. చెమట ఆవిరైతేనే ఆ వేడి పోతుంది. డెల్టా తేమలో అది ఆవిరవకుండా చొక్కా తడిపి కారిపోతుంది. పైగా వయసు మీదపడేకొద్దీ చెమట తగ్గుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. పెద్దలకి ఇక్కడ అసలు ప్రమాదం ఇదే అంటాను.

అందుకే మన ప్రాంతంలో దూరం కొలుచుకోవాలనుకునే పెద్దలకి సంక్రాంతి చలిలో, గాలి లేచేముందు తెల్లవారుజామే మంచిది. గాలి వీస్తే వెళ్లేటప్పుడు కలిసొచ్చిన సమయం కంటే తిరుగు దారిలో పోయేదే ఎక్కువ. ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. రోజూ తొక్కే పాల క్యాన్ల తాతగారికి మర్చాండ్ చేసిన 80 శాతం ఎలాగూ ఉంది. కొరవడినది ఆయాసం తెప్పించే ఆ 20 శాతమే. దాన్ని డాక్టరు సరేనన్నాక, క్యాన్లు దించేసి, నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు.